ఈ అడ్రస్ ఎవరిది?

రాత్రి పదకొండు దాటింది. హైదరాబాద్‌లో ఒక చిన్న ఆఫీసు సర్వర్ గది. ఈ కాలమిస్టు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఒకే లైను పదేపదే రావడం చూస్తున్నాడు. వైరు మీద వెళ్ళే ప్యాకెట్లను పట్టి చూపే టీసీపీడంప్‌లో సెకనుకోసారి అదే ప్రశ్న: 203.0.113.10 ఎవరిది? 203.0.113.9కి చెప్పండి. (ఇవి అసలు అడ్రసులు కావు, ఉదాహరణల కోసమే ప్రత్యేకంగా కేటాయించినవి.)

జవాబిచ్చేవాళ్ళు లేరు. మళ్ళీ ప్రశ్న.

ఆ కొత్త అడ్రసు పనిచేయడం లేదని సాయంత్రం నుంచీ అతను ఫైర్‌వాల్ రూల్స్ తిరగరాస్తూనే ఉన్నాడు. పోర్టు తెరిచాడు, అడ్రసులు మార్చే నాట్ రూల్ చెరిపి మళ్ళీ రాశాడు, చివరికి రీబూట్ కూడా చేశాడు. కానీ రూల్ పనిచేయాలంటే ముందు ప్యాకెట్ గడప దాకా రావాలి కదా.

ఆ ఆఫీసుకు మొదట ఉన్నది 198.51.100.0/29. స్లాష్ 29 అంటే ఎనిమిది అడ్రసులు. మొదటిదీ చివరిదీ వాడటానికి లేదు, ఇంకొకటి ప్రొవైడర్ రూటర్‌కి పోతుంది. చేతికి మిగిలేవి ఐదు. అవి నిండిపోయాయి, పక్క బ్లాకు ఖాళీగా లేదు. ఐపీవీ4 అడ్రసుల కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అడుగంటింది, అదే ఏప్రిల్ నుంచి మన ప్రాంతపు సంస్థ ఏపీనిక్ కొంచెం కొంచెంగా పంచడం మొదలుపెట్టింది. అందుకే రెండో బ్లాకు ఎక్కడో దూరపు సబ్‌నెట్ నుంచి వచ్చింది: 203.0.113.8/29.

అలా వచ్చిన బ్లాకును ప్రొవైడర్ రెండు రకాలుగా ఇవ్వొచ్చు. ఒకటి, రూట్ చేసి ఇవ్వడం: ‘ఈ ఎనిమిదింటికి వచ్చేదంతా ఫైర్‌వాల్ అడ్రసు 198.51.100.2కి పంపు’ అని తన రూటర్‌కి చెబుతాడు. అప్పుడు ఎవరిది అన్న ప్రశ్నే పుట్టదు, నాట్‌కి ఎనిమిదీ పనికొస్తాయి. రెండోది, తన రూటర్ పోర్టు మీదే ఇంకో గేట్‌వే పెట్టడం. అప్పుడు ప్రతి అడ్రసుకీ రూటర్ ‘ఇది ఎవరిది’ అని అడిగే ఏఆర్‌పీతో కేకేస్తుంది, ఫైర్‌వాల్ ‘నాదే’ అని పలకాలి. లినక్స్ నాట్ రూల్ రాసినంత మాత్రాన పలకదు. అడ్రసును ఫైర్‌వాల్ పోర్టు మీద పెట్టాలి, లేదా ప్రాక్సీ ఏఆర్‌పీ ఇవ్వాలి. పీఎఫ్‌సెన్స్ ఫైర్‌వాల్‌లో ఇదే వర్చువల్ ఐపీ.

అతను ప్రొవైడర్‌కి ఫోన్ చేశాడు.

“రెండో బ్లాకు మాకు రూట్ చేశారా అండీ, పోర్టు మీదే ఇచ్చారా?”

“పోర్టు మీదే సార్. సెకండరీగా పెట్టాం. గేట్‌వే చివర తొమ్మిది.”

పది నుంచి పద్నాలుగు దాకా ఐదు అడ్రసులు ఫైర్‌వాల్ పోర్టు మీద చేర్చగానే స్క్రీన్ మీద ప్రశ్న కింద జవాబు కనిపించింది. కనెక్షన్ ఇచ్చిన రోజే ఆ ఒక్క మాట రాసిస్తే సాయంత్రమంతా మిగిలేది. ప్రొవైడర్లు రాసివ్వాలి, తీసుకునేవాళ్ళు అడగాలి.

ఇద్దరు ప్రొవైడర్లుంటే తిరుగు దారి కూడా చూసుకోవాలి. రెండో దారిన వచ్చినదానికి జవాబు మొదటి దారిన వెళ్తే, ‘ఈ అడ్రస్ నాది కాదే’ అని ఆ ప్రొవైడర్ పారేయవచ్చు. సోర్స్ అడ్రసును బట్టి దారి ఎంచే రూటింగ్ అందుకే. ఇక్కడ ఇద్దరు లేరు, ఆ బెడద తప్పింది.

తెల్లారాక మరో ఫిర్యాదు. కొత్త అడ్రసుకు మార్చిన మెయిల్ సర్వర్‌కి ఉత్తరాలు వస్తున్నాయి, పంపినవి మాత్రం తిరిగొస్తున్నాయి. లోపలికి 203.0.113.10 మీదుగా వస్తున్న సర్వర్, బయటికి వెళ్ళేటప్పుడు పాత 198.51.100.2 ముఖంతో వెళ్తోంది. అడ్రసును బట్టి పేరు చెప్పే రివర్స్ డీఎన్ఎస్‌లో ఉన్న పేరుకీ ఈ పాత అడ్రసుకీ పొంతన లేదు, అందుకే అవతలి సర్వర్లు తిప్పికొడుతున్నాయి. మెయిల్ సర్వర్ బయటికి వెళ్ళేటప్పుడు కూడా చివర పదే వాడాలని సోర్స్ నాట్‌లో ఒక లైను, అందరికీ వర్తించే రూల్ కంటే పైన చేర్చాడు. మధ్యాహ్నానికి మెయిల్ క్యూ ఖాళీ అయింది.