‘జాతి’ అన్న మాటకు రెండు చెవులు

1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్ర తీరమంతా తిరిగి ఉపన్యాసాలిచ్చాడు. విశాఖపట్నం, కాకినాడ, రాజమహేంద్రవరం, బెజవాడ, బందరు అన్నీ కదిలాయి. ఆయన బెంగాలీ, మాట్లాడింది ఇంగ్లీషులో. బందరుకు చెందిన ముట్నూరి కృష్ణారావు ఆయన వెంట తిరిగాడు. రాజమహేంద్రవరంలో ఆ మాటల్ని తెలుగు చేసి వినిపించింది చిలకమర్తి లక్ష్మీనరసింహం. ఆంధ్రలో జాతీయోద్యమానికి ఈ పర్యటనే ఊపిరి పోసిందని పుస్తకాలు చెబుతాయి. కాదనడం లేదు. ఆ కథను మన వైపు నుంచి కూడా చదవాలంటున్నాం.

మంచి ముందు చెప్పుకుందాం. ఆ ఉపన్యాసాలు చప్పట్లతో ఆగిపోలేదు. 1910లో బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల వెలిసింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి, పట్టాభి సీతారామయ్య దానికి పూనుకున్నారు. చదువుతో పాటు చేతిపనులూ నేర్పారు. తర్వాత బెంగాల్ నుంచి ప్రమోదకుమార ఛటర్జీ వచ్చి అక్కడ చిత్రకళ నేర్పాడు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. ఒక ప్రాంతం మనిషి ఇంకో ప్రాంతానికి వచ్చి, ఉండి, పని నేర్పితేనే రెండు సంస్కృతులు దగ్గరవుతాయి. ఇది ఆ ఉపన్యాసాల గెలుపు.

ఇక రెండో వైపు. కళాశాల పేరులో ‘జాతి’ తలెత్తుకు నిలిచిన మరుసటి ఏడాదే, 1911లో, నేరస్థ జాతుల చట్టం మద్రాసు రాజధానిలో అడుగుపెట్టింది. ఎరుకలవాళ్లను పుట్టుకతోనే దొంగలుగా లెక్కగట్టి, హాజరు వేయించుకుని, ఊరు కదలాలన్నా అనుమతి అడగమన్నారు. కృష్ణకు అవతల బాపట్ల దగ్గరి స్టువార్టుపురం సెటిల్‌మెంటు ఆ పాలన ఫలమే. ‘జాతి’ అన్న ఒక్క మాటే ఒకరికి గౌరవమైంది, మరొకరికి వాతగా పడింది. చట్టం 1952లో రద్దయింది గానీ ఆ వాత ఇంకా మానలేదు.

దూరపు బెంగాల్‌ను అర్థం చేసుకున్న డెల్టా, దివిసీమ కాలువగట్ల మీది యానాదిని, గుడివాడ పక్కన బుట్టలల్లే ఎరుకలను ఎంత అర్థం చేసుకుంది? ఈ ప్రశ్న వేయని ఉపన్యాస చరిత్ర సగమే.

ఇంకో దారి కూడా ఆ రోజుల్లోనే ఉంది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి వాడుక భాష కోసం సభలెక్కకముందే సవర నేర్చుకున్నాడు. సవర పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పాలన్నాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. ఆయన ముందు విన్నాడు, తర్వాతే మాట్లాడాడు.

ఉపాధ్యాయులకు, యువతకు మేం చెప్పేది ఇదే. ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి బయటివక్తను పిలవండి, తప్పులేదు. కానీ తొలి మాట ఎరుకల పెద్దమ్మ తన భాషలోనే చెప్పాలి. దాన్ని తెలుగు చేసే పిల్లో పిల్లాడో పక్కన నిలబడాలి. పొలంలో ఎలుక బొరియ ఎక్కడుందో చూసి చెప్పే యానాది తాత కూడా వేదిక ఎక్కాలి. వచ్చిన వక్త ముందు వరసలో కూర్చుని వినాలి. చిలకమర్తి పాల్ మాటలకు చేసిన పనిని మన పెద్దల మాటలకు చేసేవాళ్లు కావాలి. వాళ్లు మన బడుల్లోనే తయారు కావాలి.