జలకన్యల ప్రణయకథలు: నియమం ఎవరిది?

కీలకపదాలు: జలకన్య, అద్భుత ప్రణయం, నియమం, జానపద చలనచిత్రం, చెరువు, కట్టమైసమ్మ

1. ప్రవేశిక

జలలోకవాసులకూ మానవులకూ నడుమ ప్రణయం తెలుగు కథాలోకానికి కొత్త వస్తువు కాదు. అయితే హాస్యంతో, తేలికపాటి శృంగారంతో సాగే అద్భుత ప్రణయకథను కాలక్షేపపు సరుకుగా చూడటం పరిపాటి. ఈ కథల్లో రెండు లోకాలను కలిపేది ప్రేమ. ఆ కలయికను నిలిపేది ఒక నియమం. దానిని విధించేదెవరు, తప్పితే నష్టపోయేదెవరు అన్న ప్రశ్నతో చూసినప్పుడు, పైకి నవ్వులాటగా కనిపించే కథలో అధికార సంబంధం బయటపడుతుంది. ఆ నియమం ఒక చేతి నుంచి మరొక చేతికి మారిన తీరును పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. ఇతిహాసం: నీటి పక్షాన నియమం

ఆదిపర్వంలో గంగ శంతనుని వరిస్తూ, తాను ఏమి చేసినా వారించరాదనీ, వారిస్తే విడిచిపోతాననీ ముందే చెబుతుంది. ఎనిమిదవ శిశువు విషయంలో శంతనుడు మాట తప్పాడు, ఆమె వెళ్లిపోయింది. చేప కడుపున పుట్టిన మత్స్యగంధి కూడా పరాశరుని కోరికకు ఊరకే తలవంచదు. పగటి వెలుగును, తన కన్యాత్వాన్ని, తండ్రి చాటు బతుకును ప్రస్తావించి, వరాలు పొందిన తరువాతే సమ్మతిస్తుంది. చేపవాసన పోయి పరిమళం అబ్బడం ఆమె గెలుచుకున్నదే. తరువాత శంతనునికి దాశరాజు షరతు విధించాడు. దాని మూల్యాన్ని దేవవ్రతుడు తన ప్రతిజ్ఞతో చెల్లించాడు. ఈ కథల్లో నియమం నీటి పక్షాన ఉంది, చెల్లింపు నేల పక్షాన ఉంది.

3. చలనచిత్రం: చేయి మారిన నియమం

కె.వి. రెడ్డి దర్శకత్వంలో, పింగళి నాగేంద్రరావు రచనతో 1961లో వచ్చిన ‘జగదేకవీరుని కథ’లో ఇంద్ర, నాగ, వరుణ, అగ్నిలోకాల కన్యలు ఒక మానవుని భార్యలవుతారు. నాలుగు లోకాల ఆడపడుచులు ఒక అత్తగారి ఇంట సర్దుకోవడంలోనే హాస్యం పుడుతుంది. అయితే వారిని భూమిపై నిలిపింది దాచిన చీర. అది చేతికి అందగానే వారు వెళ్లిపోతారు; కథానాయకుడు దేవలోకానికి వెళ్లి వారిని తిరిగి పొందవలసివస్తుంది. ఇక్కడ నియమం స్త్రీ నోటిమాటగా కాక, పురుషుని ఇంట దాచిన వస్తువుగా మారింది. చీర తిరిగి దక్కిన ఘట్టంలో మాత్రమే ఇతిహాసపు పాత న్యాయం కాసేపు మేల్కొంటుంది.

కె. రాఘవేంద్రరావు చిత్రాలు ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ (1990), ‘సాహసవీరుడు సాగరకన్య’ (1996) పేర్లు కూడా పరిశీలించదగినవి. పురుషునికి పరాక్రమం విశేషణం. స్త్రీకి సౌందర్యం, పుట్టిన లోకం విశేషణాలు. అతడు చేసేవాడు, ఆమె ఎక్కడినుంచో వచ్చినది. పేరులోనే పాత్రల పని విభజన పూర్తయింది.

ఇది తెలుగుకే పరిమితమైన ధోరణి కాదు. 1837లో వెలువడిన ఆండర్సన్ కథలో జలకన్య కాళ్ల కోసం కంఠాన్ని వదులుకుంటుంది. అయితే 1984 నాటి హాలీవుడ్ చిత్రం ‘స్ప్లాష్’ ముగింపులో నాయకుడే ఆమె వెంట నీటిలోకి వెళతాడు. హాస్యప్రణయం కూడా నేలమనిషి చేత మూల్యం చెల్లించగలదనడానికి అది నిదర్శనం.

4. చెరువు నేల: మరొక సంప్రదాయం

పై చిత్రాల ఊహ దివినీ సముద్రాన్నీ ఆశ్రయించింది. సముద్రం లేని తెలంగాణలో నీటితో మనిషి సంబంధం ప్రధానంగా చెరువు ద్వారా ఏర్పడింది. హైదరాబాదు ఉత్తర శివార్లలో, మేడ్చల్–మల్కాజిగిరి జిల్లాలోని శామీర్‌పేట చెరువు అటువంటిదే. ఇక్కడ నీటి పక్కనున్న స్త్రీశక్తి ప్రేయసి కాదు, కట్టమైసమ్మ. ఆమె నేలమీది ఇంటికి కాపురానికి రాదు. మనుషులే బోనంతో కట్టమీదికి వస్తారు. మొక్కుకుంటే చెల్లించాలి. అంటే గంగ విధించిన నియమం వంటిదే ఇక్కడ మొక్కు రూపంలో నిలిచి ఉంది. చెరువుకు కట్ట, తూము, అలుగు, పూర్తి నీటిమట్టం అనే హద్దులున్నాయి. నగరం విస్తరిస్తున్నకొద్దీ ఆ హద్దులపై ఒత్తిడి పెరుగుతోంది. మేడ్చల్, శామీర్‌పేట నేపథ్యంగా జలకన్య నవల వస్తే, ఆమె నగరజీవితానికి అలవాటుపడే వినోదంతో సరిపెట్టుకోనక్కరలేదు. చెరువు హద్దును గౌరవించడం నేర్చుకోలేక తికమకపడే ప్రేమికుడు అంతకంటె మంచి హాస్యపాత్ర కాగలడు.

5. ముగింపు

ఇతిహాసంలో నీటిస్త్రీ మాటగా ఉన్న నియమం, జానపద చలనచిత్రంలో పురుషుని అధీనంలోని వస్తువైంది. చెరువుకట్ట సంప్రదాయంలో అది నీటి పక్షానే మిగిలింది. తేలికదనం ఈ ప్రక్రియకు లోపం కాదు. ఎవరి స్వేచ్ఛను తాకట్టుపెట్టి ఆ నవ్వు పుడుతున్నదన్నదే విమర్శ అడగవలసిన ప్రశ్న. జలకన్య నేలకు వచ్చిందా లేదా అన్నదానికంటె, తిరిగి వెళ్లే దారి ఆమె చేతిలో ఉందా లేదా అన్నదే ఇటువంటి నవలకు సరైన కొలమానం.