విజ్ఞాన పద్ధతి: ఐదు మెట్ల పాఠము

మన ఉన్నత పాఠశాలలలో విజ్ఞాన పద్ధతిని ఐదు మెట్లుగా చెప్పుట ఆచారమైనది. సమస్యను గుర్తించుట, సమాచారము సేకరించుట, ఒక ఊహ చేయుట, ప్రయోగముతో పరీక్షించుట, నిర్ణయమునకు వచ్చుట. పరీక్షలో మార్కులకు ఇది చాలును. కాని వీనిని వరుసగా అప్పగించిన విద్యార్థి విజ్ఞాన పద్ధతిని నేర్చినట్లేనా అన్నది విచారింపదగిన విషయము.

ఖమ్మము పట్టణమునకు సమీపమున ఉన్న ముదిగొండ నుండి భద్రాచలము వైపు పోయినకొలది అడవులు దగ్గరగును. అడవి ఊళ్ళకు పోయి వచ్చినవారికి చలిజ్వరము వచ్చినచో "మన్యపు నీళ్ళు పడలేదు" అని పెద్దలు అనుట కలదు. ఈ మాట విన్న ముదిగొండ విద్యార్థి దానిని నమ్మవలెనా, నవ్వి త్రోసివేయవలెనా? కంఠస్థము చేసిన ఐదు మెట్లు అతనికి దారి చూపవు. సికిందరాబాదులో జరిగిన ఒక పరిశోధన చూపును.

నీళ్ళ మీది అనుమానము పల్లె పెద్దలకు మాత్రమే కలిగినది కాదు. 1880లో లావెరాన్ మలేరియా రోగి రక్తములో పరాన్నజీవిని కనుగొనెను. అది ఒకరినుండి మరొకరికి ఎట్లు చేరునో తెలియలేదు. దోమ రోగి రక్తమును పీల్చి, నీటిలో గ్రుడ్లు పెట్టి చచ్చుననియు, ఆ నీటిని త్రాగినవారికి జ్వరము వచ్చుననియు లండనులోని వైద్యుడు పాట్రిక్ మాన్సన్ ఊహించెను. 1894లో ఆయనను కలిసికొన్న రొనాల్డ్ రాస్, 1895లో సికిందరాబాదు చేరి ఈ ఊహను పరీక్షింప పూనుకొనెను. మెట్ల వరుస ఇక్కడనే తారుమారైనది. ఊహ ముందు వచ్చినది. ఏమి చూడవలెనో, ఎక్కడ చూడవలెనో ఆ ఊహయే చెప్పినది.

దోమలు చచ్చిన నీటిని త్రాగించగా మొదట ఒకరికి జ్వరము వచ్చినది. పాఠము ప్రకారము ప్రయోగము ఫలించినది, నిర్ణయము వ్రాసికొనవచ్చును. రాస్ మాత్రము మరికొందరిపై మరల పరీక్షించెను. మొదటి ఫలితము నిలువలేదు. మనుష్యులపై ఇట్టి ప్రయోగములను ఈ రీతిగా చేయుటకు నేడు అనుమతింపరు. ఆ సంగతియు విద్యార్థులకు చెప్పవలసినదే. అయినను ఒక్క ఉదాహరణ నిదర్శనము కాజాలదన్న నీతి ఇక్కడ స్పష్టము.

ఇక అపజయముల మాట. మధ్యలో కలరా విధులపై బెంగుళూరు పోవలసి వచ్చినను, రాస్ సుమారు రెండేండ్లు బూడిదరంగు దోమలను, చారల దోమలను కోసి చూచుచు వచ్చెను. ఏమియు కనబడలేదు. ఊహ తప్పా, దోమ తప్పా? ఐదు మెట్ల పాఠములో ఈ ప్రశ్నకు చోటు లేదు. రాస్ దోమను మార్చి చూచెను. 1897 ఆగస్టులో రెక్కలపై మచ్చలు గల దోమలు లభించినవి. నీటిలోని పిల్లలనుండి పెంచినవి గనుక అవి అంతకుముందు ఎవ్వరిని కుట్టి ఉండలేదు. దోమకొక అణా చొప్పున పుచ్చుకొని హుసేన్ ఖాన్ అను రోగి వానిచే కుట్టించుకొనెను. ఆగస్టు 20వ తేదీన ఒక దోమ జీర్ణాశయపు గోడలో నల్లని రేణువులు గల కణములు సూక్ష్మదర్శినిలో కనబడినవి. మరునాడు మరియొక దోమలో అవి మరికొంత పెరిగి ఉండెను.

చాలా పుస్తకములు కథను ఇక్కడ ముగించును. ఇది పెద్ద లోపము. పరాన్నజీవి దోమలో పెరుగుచున్నదని మాత్రమే ఆనాడు తెలిసినది. అది మరల మరొకరిని ఎట్లు చేరునో తేలలేదు. 1898లో కలకత్తాలో రాస్ పక్షుల మలేరియాను పరిశోధించి, పరాన్నజీవులు దోమ లాలాజల గ్రంథులలో చేరి, కాటు ద్వారా ఆరోగ్యముగల పక్షులకు సోకునని చూపెను. అదే సంవత్సరము మనుష్యులలో అనాఫిలిస్ దోమల వలననే మలేరియా వ్యాపించునని ఇటలీలో గ్రాస్సీ, ఆయన సహచరులు నిరూపించిరి. రాస్‌కు 1902లో నోబెల్ బహుమానము లభించినది.

ఇప్పుడు పెద్దల మాటను తిరిగి చూడుడు. నీటిని త్రాగుట వలన మలేరియా రాదు. కాని దానికి నీటితో సంబంధము లేకపోలేదు; కొండవాగులలో, నిలువ నీటిలో దోమ పిల్లలు పెరుగును. ఆ మాటలో పరిశీలన నిజము, వివరణ తప్పు. ఈ రెంటిని విడదీయ నేర్చుటయే విద్యార్థికి కావలసిన విద్య.

ముదిగొండలోనే దీనిని ఆరంభింపవచ్చును. గుంటలలోని నీటిని గాజుపాత్రలలో తెచ్చి, పైన గుడ్డ కట్టి చూచినచో, అనాఫిలిస్ పిల్లలు నీటి ఉపరితలమునకు సమాంతరముగా పడియుండును. క్యూలెక్స్ పిల్లలు తల క్రిందుగా వాలి వ్రేలాడును. ఏవి ఎచ్చట దొరికినవో, ఎచ్చట దొరకలేదో కూడ వారము వారము వ్రాసికొనవలెను. రెక్కలు రాకమునుపే ఆ నీటిని ఎండిన నేలపై పారబోయవలెను.

ఐదు మెట్లను పాఠమునుండి తొలగింప పనిలేదు. చేసిన పనిని క్రమముగా వ్రాయుటకు అవి ఉపయోగించును. ఉపాధ్యాయులు వానికి ఒక ప్రశ్న చేర్చిన చాలును: ఆగస్టు 20న రాస్ చూచినది దేనిని నిరూపింపలేదు? దీనికి సమాధానము వ్రాయగల విద్యార్థి, అడవి అంచున ఎవరికైన చలిజ్వరము వచ్చినప్పుడు, నీళ్ళను నిందించుచు కూర్చొనక రక్తపరీక్షకు తీసికొనిపోవును.