చక్రముల ఋజువర్తనము

గడచిన మాసము వరకు మా అంబాసిడరు స్టీరింగు తిన్నగానే యుండెను. తిన్నగా లేనిది కారు. మా నాయనగారు కొని, పాతికేండ్లు నడిపి, నాకు విడిచిపోయిన 1978వ సంవత్సరపు మార్క్ త్రీ అది. స్టీరింగు చక్రము వంకరగా నిలుచుచున్నదని సంక్రాంతికి ముందు ఒక వర్క్‌షాపునకు తీసికొనిపోగా, అచ్చటివారు నడిమి నట్టు విప్పి, చక్రమును పైకి లాగి, రెండు పళ్ళు జరిపి మరల దిగవేసి, పావుగంటలో పైకము పుచ్చుకొని పంపిరి. చక్రపు ఆకులు త్రాసుకోలవలె సమముగా నిలిచినవి. కాని బండి యెడమకు లాగుట మానలేదు. పైగా కుడికి తిరుగుటకు చాలిన వీథి యెడమకు తిరుగుటకు చాలకపోయెను. వక్రత ఉన్నచోటనే యుండెను. దానిని చూపు ముల్లును మాత్రము మేము త్రిప్పుకొంటిమి.

రథోత్సవమునాడు పెద్ద తేరును వీథి మలుపున త్రిప్పుటకు చక్రముల క్రింద చెక్కదిమ్మలు త్రోయుచు, మోకులు లాగుచు జనులు పడు పాట్లు చూచినవారికి, నాలుగు చక్రముల వాహనమును మరల్చుట యెంతటి సమస్యయో వేరుగ చెప్పనక్కరలేదు. ఇరుసునంతయు త్రిప్పుటకు మారుగా, ముందరి చక్రములు రెంటిని వేర్వేరు కీళ్ళపై త్రిప్పు ఉపాయమును 1817లో మ్యూనిచ్ నగరమున బగ్గీలు చేయు గేయార్గ్ లాంకెన్‌స్పెర్గర్ కనిపెట్టగా, మరుసటి యేడు ఇంగ్లండులో దానికి పేటెంటు పుచ్చుకొన్న రుడాల్ఫ్ ఆకర్మాన్ పేరే లోకమున నిలిచినది. మలుపులో లోపలి చక్రము చిన్న వృత్తమును, వెలుపలిది పెద్ద వృత్తమును గీయవలెను గనుక, లోపలిది కొంచెము ఎక్కువగా తిరుగవలెను. ఆ తారతమ్యమును సమకూర్చునవి కీళ్ళును కడ్డీలును. కీలున్నచోట అరుగుదల తప్పదు. అరుగుదల యున్నచోట, మేస్త్రులు ‘ప్లే’ అను ఖాళీ చేరక మానదు.

1956లో ఇంగ్లండున వెలువడిన మారిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణికి మా బండి సంతానము. ఆ తరుణమున అనేకములైన కార్లకు మరపెట్టె స్టీరింగే గతియై యుండగా, దీనికి పళ్ళకడ్డీయు చిన్న పళ్ళచక్రమును గల ర్యాక్ స్టీరింగు కలదు. ముందరి చక్రములపై పడు బరువు నోర్చుటకు, తడిబట్టను పిండునట్లు మెలితిరుగు పొడవైన ఉక్కుకడ్డీలు కలవు. కలకత్తా చేరువనున్న ఉత్తర్‌పారాలో 2014 వరకు ఈ అంబాసిడరు తయారైనది గనుక, దీని నాడి నెరిగిన చేతులు మన ఊళ్ళలో నేటికిని అక్కడక్కడ మిగిలియున్నవి. అట్టి చేతులుగల వృద్ధ మేస్త్రి యొకడు విజయవాడ ఆటోనగరులో కలడని తెలిసి, పోయితిని.

అతడు పానా పట్టకమునుపే నాలుగు టైర్లలో గాలి కొలిచెను. ఎడమ ముందరి దానిలో నాలుగు పాయింట్లు తక్కువ. నింపగా లాగుడు తగ్గెను గాని పోలేదు. పిమ్మట ముందరి టైర్లు రెంటిని కుడియెడమలుగా మార్చి నడిపి చూచెను; లాగుడు కూడ ప్రక్క మారినచో దోషము టైరుదని అతని తర్కము. అది మారలేదు. కొంతదూరము నడిపి తెచ్చి, రెండు చక్రముల డ్రమ్ములకును అరచేయి దగ్గరగా ఉంచెను. ఒకటి మాత్రమే కాలుచున్నచో బ్రేకు పట్టియుంచినదని గుర్తు. రెండును ఒకే వెచ్చదనము. ఇంత జరిగినను ఒక్క నట్టైనను అతడు వదులు చేయలేదు. అగ్గువైన కారణములను ముందు త్రోసివేయనిదే ఖరీదైన కారణముల జోలికి పోరాదన్న నియమము అతనికి ఊపిరివంటిదై యుండెను.

అప్పుడు జాకీ ఎత్తి, ఎడమ చక్రమును గడియారపు పండ్రెండు, ఆరు అంకెలున్న చోట్ల పట్టి లోపలికిని వెలుపలికిని ఊపెను. చక్రము సన్నగా కదలెను. నన్ను లోపల కూర్చుండి బ్రేకు త్రొక్కమనెను. త్రొక్కినను కదలిక పోలేదు. “బ్రేకు పడితే ఊగుడు ఆగితే బేరింగు. ఆగలేదంటే కింగ్ పిన్ను, పంతులుగారూ” అనెను. కింగ్ పిన్ననగా ముందరి చక్రము కుడియెడమలకు తిరుగుటకు ఆధారమైన కీలుకడ్డీ. పిదప తొమ్మిది, మూడు అంకెల చోట్ల పట్టి ఊపుచు, నా చూపుడువ్రేలిని, పళ్ళకడ్డీని చక్రముతో కలుపు టై రాడ్డు కొసనున్న కీలుపై ఆనించెను. కంటికి కానరాని యొక చిన్న ‘టక్కు’ వ్రేలికి తగిలెను. ఆరునెలలుగా స్టీరింగు నా రెండు చేతులకును చెప్పుచున్నది ఈ మాటయే గదా అని సిగ్గుపడితిని. కింగ్ పిన్ను గ్రీజు నిపుల్ విప్పి చూడగా, లోపలి పాత గ్రీజు ఎండి మైనమువలె గట్టిపడి దారి మూసియుండెను. ఆ నేరము కేవలము నాది.

ఇక అలైన్‌మెంటు చేసివేయవచ్చును గదా యని నేను తొందరపడగా, “ముందు లూజు తీయాలి పంతులుగారూ, తర్వాతే లైను. లూజు మీద లైను చేస్తే అది జాకీ దిగేదాకానే” అనెను. ఆ మాటలోని శాస్త్రము ఇది. బండి కదలుచున్నప్పుడు నేల యొరపిడి ముందరి చక్రములను వెలుపలికి విచ్చుకొన జేయును గనుక, నిలిచియున్నప్పుడే వాటి ముందు అంచులను వెనుక అంచులకన్న రెండు మూడు మిల్లీమీటర్లు దగ్గరగా ఉంచుదురు. దానినే టో-ఇన్ అందురు. కీలు ఖాళీయే ఆ కొలతను మ్రింగివేయుచున్నప్పుడు, ఎంత సూక్ష్మముగా సరిచేసినను ఆ సవరణకు ఆధారమేది?

మరియొక పాపము వెనుకనుండి బయల్పడెను. సామాను వేసినచో బండి క్రుంగుచున్నదని రెండేండ్ల క్రిందట వెనుక కమానులకు అదనపు పట్టీలు వేయించితిని. వెనుక భాగము లేచెను. లేచుటతో ముందరి కింగ్ పిన్నులకు వెనుకకు వాలియుండవలసిన కొద్దిపాటి వాలు తగ్గెను. చేతులు వదలి సైకిలు త్రొక్కు కుర్రవానిని నిలబెట్టుటకు తోడ్పడువానిలో ముందరి ఫోర్కుయొక్క అట్టి అమరిక యొకటి. అది తగ్గిన బండికి తనంతట మధ్యకు వచ్చు గుణము తగ్గి, సూటిదారిలో సైతము దిక్కు వెదకుకొనును. ఆ వాలును తిప్పి సరిచేయు మరలేవియు ముందర లేవు. వేయించిన పట్టీలు తీయించితిని.

కొత్త కింగ్ పిన్నులు, టై రాడ్ ఎండ్లు పడినతరువాత మేస్త్రి స్టీరింగును ఒక కొసనుండి రెండవ కొసవరకు త్రిప్పి చుట్లు లెక్కించి, సరిగా సగమున నిలిపెను. పళ్ళకడ్డీ మధ్యకు వచ్చినది. స్టీరింగు ఆకులు వంకరగా నిలిచినవి. సంక్రాంతినాటి అలంకారము అప్పుడు బయటపడెను. చక్రమును పూర్వపు పళ్ళపైకి మరల్చి, టై రాడ్లను ఇరువైపుల సమముగా ఉండునట్లు సవరించి, బండిని నాలుగడుగులు ముందుకు త్రోయించెను. జాకీ దిగిన చక్రములు నేలపై కుదురుకొన్నగాని కొలత నిజము పలుకదట. టైర్ల వెనుకవైపున ఇరుసు ఎత్తులో సుద్దగీతలు గీచి, వాటి నడిమి దూరము కొలిచి, బండిని చక్రము అరచుట్టు తిరుగునంత ముందుకు త్రోసి, ఆ గీతలే ముందువైపునకు రాగా మరల కొలిచెను. రెండు తావులను కొలిచినచో రిమ్ము వంకర కొలతలో దూరును. ఒకే గీతను రెండు తావుల కొలిచినచో దూరదు. ఇంత యుక్తికి అతడు వాడినది సుద్దముక్క, టేపు.

సాయంకాలము ఖాళీ రోడ్డుపై నడిపితిమి. మేస్త్రి సైగ చేయగా చేతులు వదులు చేసితిని. బండి సూటిగా పోయెను. మరికొంత దూరము పోయి, మెల్లగా ఎడమకు ఒరిగెను. నా మొగము వాడుట చూచి అతడు నవ్వి, నన్ను రోడ్డు నడిమి గీతమీదికి పొమ్మనెను. అచ్చట చేతులు వదలగా బండి చెక్కు చెదరలేదు. వాననీరు జారుటకై రోడ్డును నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా వేయుదురు.

“అంచున లాగింది రోడ్డు పంతులుగారూ. దాన్ని కూడా బండి మీద వేసి తిప్పారంటే, మళ్ళీ నా దగ్గరికే వస్తారు” అనెను.