కొలువు, కలం, వ్రాయసకాడు: బందరు సాహిత్య పరిసరంలో రచనాకాలం

వ్యాససంగ్రహం: ఇరవయ్యవ శతాబ్ది పూర్వార్ధంలో మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల నుండి వచ్చిన రచయితలలో అధికులు బడిలోనో, కళాశాలలోనో, పత్రికా కార్యాలయంలోనో కొలువు చేస్తూ రాసినవారే. వారి ఉద్యోగజీవితం రచనారూపాన్ని ఏ మేరకు నిర్దేశించిందన్నది ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’ ఇందులో ప్రధాన ఆధారం.

కీలకపదాలు: బందరు, అవధానం, కృష్ణాపత్రిక, వేయిపడగలు, రామాయణ కల్పవృక్షం, వ్రాయసకాడు.

ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య చరిత్రలలో కవి ఉద్యోగానికి దక్కే చోటు సాధారణంగా ఒక్క వాక్యం. జన్మస్థలం, తల్లిదండ్రులు, గురువులు, ఆపై ఫలానా పాఠశాలలో పండితుడు; అక్కడి నుండి చర్చ నేరుగా కృతులకు వెళుతుంది. రోజులో అత్యధిక భాగాన్ని తీసుకున్న పని కృతిపై ఏ ముద్రా వేయలేదన్నట్టుగా ఈ పద్ధతి సాగుతుంది. రాజాస్థానాల కాలంలో పోషణ కావ్యరూపాన్ని ఎలా మలచిందో ఎంతో శ్రద్ధగా చర్చించిన విమర్శ, నెలజీతం ఆ పనినే చేసినప్పుడు మాత్రం మౌనం వహించింది. బందరు ఈ మౌనాన్ని ప్రశ్నించడానికి అనువైన చోటు. హిందూ ఉన్నత పాఠశాల, నోబుల్ కళాశాల, 1910లో నెలకొన్న ఆంధ్ర జాతీయ కళాశాల, 1902లో మొదలైన కృష్ణాపత్రిక ఒకే ఊరిలో ఉండడం వల్ల కవులకు జీతం దొరికింది, ఒకరికొకరు దొరికారు.

అంతరాయమే ప్రక్రియగా

చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి (1870–1950) హిందూ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితుడు. విశ్వనాథ, పింగళి లక్ష్మీకాంతం, కాటూరి వేంకటేశ్వరరావు, వేటూరి ప్రభాకరశాస్త్రి ఆయన శిష్యులన్నది ప్రసిద్ధం. ఆ శిష్యబృందాన్ని గురించి రాసినంతగా, అవధానానికీ పండితుడి దినచర్యకూ గల పోలికను గురించి ఎవరూ రాయలేదు. అవధానంలో పృచ్ఛకులు అడ్డు తగులుతూనే ఉంటారు. నిషిద్ధాక్షరి అక్షరాన్ని అడ్డుకుంటుంది, ఘంటాగణనం ధ్యాసను చీలుస్తుంది, అప్రస్తుత ప్రసంగం అచ్చంగా ఏకాగ్రతను చెడగొట్టడానికే ఉంది. తీరిక లేకపోవడాన్నే నియమంగా స్వీకరించిన ప్రక్రియ ఇది. గంటకొక తరగతి, తరగతికొక పాఠం, నడుమ పిల్లల ప్రశ్నలు ఉన్న మనిషికి ఇంతకంటె అలవాటైన వాతావరణం ఉండదు. అవధానం బడిలో పుట్టిందని దీని అర్థం కాదు. ఈ జంటకవులు బందరుకు రాకమునుపే సభలలో గెలిచినవారు. బడి ఆ విద్యకు అడ్డు కాలేదన్నదే ఇక్కడి విషయం. ‘కథలు గాథలు’ వచనాన్ని చూసినా ఇదే కనిపిస్తుంది. ఒక ప్రస్తావన నుండి మరొక ప్రస్తావనకు జారి, మళ్లీ దారికి వచ్చే ఆ నడక పాఠం చెప్పేవాడి నోటి నడక.

ముట్నూరి కృష్ణారావుది మరొక దారి. 1907 నుండి 1945లో మరణించేవరకు ఆయన కృష్ణాపత్రిక సంపాదకుడు. వారం వారం సంపాదకీయం రాయవలసిన మనిషికి గ్రంథం రాసే వ్యవధి ఉండదు. ఆయన పేరిట ఉన్న పుస్తకాలు పత్రికా రచనల సంకలనాలు. ‘గ్రంథకర్త’ అన్న కొలమానం పట్టుకుంటే ఆయన అల్పంగా కనిపిస్తాడు. ఆంధ్రదేశంలో ఒక తరం వచనాన్ని తీర్చిదిద్దిన వారెవరన్న ప్రశ్న వేసుకుంటే ఆయనను దాటి పోలేము. సాయంకాలాలు పత్రికా కార్యాలయంలో సాగిన ‘దర్బారు’ పైకి కాలక్షేపం. కవులూ గాయకులూ చిత్రకారులూ వచ్చి కూర్చున్న ఆ గోష్ఠి లేకుండా మరునాటి సంపాదకీయానికి సరుకు ఎక్కడి నుండి వస్తుంది? పని, విరామం వేరు కాని ఈ జీవితాన్ని అంచనా వేసే ఉపకరణాలు మన విమర్శలో ఇంకా తయారు కాలేదు.

ఇరవై తొమ్మిది రోజుల లెక్క

గుడివాడ ప్రాంతపు నందమూరులో 1895లో పుట్టిన విశ్వనాథ సత్యనారాయణ బందరులో చదివి, అక్కడే జాతీయ కళాశాలలో బోధించి, తరువాత గుంటూరు, విజయవాడ, కరీంనగర్ కళాశాలలలో పనిచేశాడు. ‘వేయిపడగలు’ నవలను ఆయన చెబుతుండగా తమ్ముడు వెంకటేశ్వర్లు రాశాడనీ, ఇరవై తొమ్మిది రోజులలో అది పూర్తయిందనీ అందరూ చెప్పే మాట. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు నవలల పోటీకి అది వెళ్లింది. అడివి బాపిరాజు ‘నారాయణరావు’తో కలిసి బహుమతి పంచుకుంది.

ఈ ఇరవై తొమ్మిది రోజుల లెక్కను అభిమానులు ప్రతిభకు కొలతగా, విమర్శకులు నవలలోని శైథిల్యానికి కారణంగా వాడుకుంటున్నారు. రెండు పక్షాలూ లెక్కను తప్పుగానే చదివాయి. ఆ రోజులు నవల కాగితంపైకి వచ్చిన కాలాన్ని మాత్రమే కొలుస్తాయి. సుబ్బన్నపేట వెనుక నందమూరు బాల్యం ఉంది. ధర్మారావు అధ్యాపక జీవితం వెనుక జాతీయ కళాశాల ఆశయాలు, ఆశాభంగాలు ఉన్నాయి. జమీందారీ క్షీణించడం, దేవాలయ వ్యవస్థ చెదరడం, ఇంగ్లీషు చదువు ఊరిని మార్చడం ఆయన ఏళ్ల తరబడి చూసినవి. వాటిని మనసులో మోసుకుతిరిగిన కాలాన్ని ఏ గడువూ లెక్కించదు.

గడువు ప్రభావం లేదని కాదు. అది నవల పొడవులో కాక వాక్యంలో కనిపిస్తుంది. చేతితో రాసుకునేవాడు వెనక్కి వెళ్లి కొట్టివేస్తాడు. చెప్పేవాడు ముందుకు పోతూ సవరించుకుంటాడు. ‘వేయిపడగలు’లో ఒక పాత్రను వదిలి చాలా పుటల తరువాత మళ్లీ అందుకోవడం, విద్యను గురించో నృత్యాన్ని గురించో మొదలైన చర్చ కథను పక్కకు నెట్టడం, చెప్పిన సంగతిని మరో కోణంలో తిరిగి చెప్పడం తరచుగా కనిపిస్తాయి. వీటిని పాశ్చాత్య నవలా నిర్మాణంతో పోల్చి లోపాలుగా పరిగణించడం తేలిక. పురాణం చెప్పేవాడి పద్ధతిగా సమర్థించడం మరీ తేలిక. నిజానికి కొన్ని చోట్ల అవి బలం, మరికొన్ని చోట్ల శుద్ధ ఉపన్యాసం. గణాచారి, పసిరిక వంటి పాత్రల చుట్టూ కథనం తిరిగినప్పుడు మౌఖిక ధోరణి ఊరి నోటిమాటతో కలిసిపోయి నవలకు ఊపిరినిస్తుంది. ధర్మారావు వాదానికి దిగినప్పుడు అదే ధోరణి ఎదుటివాడికి సందు ఇవ్వదు. తరగతిలో ఎదురు ప్రశ్న లేని అధ్యాపకుడి గొంతు వినిపిస్తుంది. కొలువు రచనలోకి చొరబడిన చోటు ఇదేనని చెప్పవచ్చు.

‘రామాయణ కల్పవృక్షం’ వైపు చూస్తే కాలం మరోలా పనిచేసింది. సుమారు మూడు దశాబ్దాలు పట్టిన ఆ కావ్యం 1962లో పూర్తయింది. ఆ వ్యవధి దాదాపుగా ఆయన ఉద్యోగ జీవితమంతా. ఒక ఊరి కళాశాల నుండి మరొక ఊరి కళాశాలకు మారుతూ, పాఠాలు చెబుతూ, నవలలు చెప్పి రాయిస్తూ మోసిన కావ్యం అది. పద్యానికి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది. ఛందస్సు జ్ఞాపకానికి ఊతం. తరగతికీ తరగతికీ మధ్య ఒక పద్యాన్ని మనసులో నిలుపుకోవచ్చు, వచనంలో ఒక అధ్యాయాన్ని నిలుపుకోవడం అసాధ్యం. కాండకు ఐదు ఖండాల చొప్పున ఉన్న విభజన కూడా ఆగి మళ్లీ మొదలుపెట్టడానికి వీలైన కట్టడం. ఈ విభజనకు ఉద్యోగమే కారణమనడం సాహసం. విరామాలను ఓర్చుకోగల నిర్మాణం ఆ కావ్యానికి ఉందన్నది మాత్రం పాఠం మీదనే నిరూపించగల విషయం.

రాసిపెట్టిన చేయి, నిలబెట్టిన ఇల్లు

వ్యాసుడికి విఘ్నేశ్వరుడు రాసిపెట్టిన కథ తెలియనివారు లేరు. ఆపకుండా చెప్పాలని లేఖకుడే షరతు పెట్టిన ఐతిహ్యం అది. వెంకటేశ్వర్లు విషయంలో సాహిత్య చరిత్ర ఆ పాటి మర్యాద పాటించలేదు. అంత పెద్ద నవలను నెల తిరగకుండా కాగితంపై పెట్టిన చేయి అది. చెప్పేవాడి వేగాన్ని పొగిడే ప్రతి వాక్యమూ రాసేవాడి వేగాన్ని కూడా పొగుడుతున్నదే. రెండవ పేరు మాత్రం ‘తమ్ముడు’ అన్న బంధుత్వంలో కరిగిపోయింది. పాఠపరిష్కరణ దృష్టితో చూసినా ఇది చిన్న సంగతి కాదు. విరామచిహ్నం ఎవరిది, పేరా విభజన ఎవరిది అన్న ప్రశ్నలు లేకుండా ఆ వచనశైలిని విశ్లేషించడం అసంపూర్ణం.

ఇంతకంటె కనిపించని శ్రమ ఇంటిది. విశ్వనాథ తొలి భార్య వరలక్ష్మమ్మ మరణించిన తరువాత ‘వరలక్ష్మీ త్రిశతి’ వచ్చింది. బతికుండగా ఆమె నడిపిన సంసారం కవికి సమయాన్ని సమకూర్చింది. ఆ సమకూర్పు సాహిత్యంలోకి విషయంగా రావడానికి మరణం అవసరమైంది. ‘వేయిపడగలు’లో ధర్మారావు భార్య అరుంధతి మరణిస్తుంది, రెండవ భార్యకూ అరుంధతి పేరే. పాతివ్రత్య భావనకు, దాంపత్య ధర్మపు అవిచ్ఛిన్నతకు ప్రతీకగా దీనిని వ్యాఖ్యానించడం పరిపాటి. ఇంకొక విధంగా కూడా చదవవచ్చు: ఇంటి కొలువులో మనిషి మారినా పేరు మారదు. రచయిత ఈ అర్థాన్ని ఉద్దేశించి ఉండడు; పాఠం మాత్రం దానికి తావిస్తోంది.

జంటలు, విడిపోవడాలు

జంటకవిత్వాన్ని స్నేహఫలంగానే చూడడం అలవాటైంది. అది శ్రమ విభజన కూడా. పింగళి–కాటూరి కవుల ‘సౌందరనందం’ (1932) ఇద్దరు శ్రమించే మనుషులు కలిసి పూర్తిచేసిన కావ్యం. పింగళి ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వెళ్లడం, కాటూరి స్వాతంత్ర్యోద్యమం, పత్రికల వైపు సాగడంతో ఆ జంట నుండి అంతటి మరో కావ్యం రాలేదు. అడివి బాపిరాజు న్యాయవాది, చిత్రకారుడు, జాతీయ కళాశాల ప్రిన్సిపాలు, ఆపై హైదరాబాదు ‘మీజాన్’ సంపాదకుడు. ఇన్ని పనులూ ఒకదానినొకటి మింగకుండా ఎలా సాగాయన్నది విడిగా పరిశోధించదగిన అంశం.

దివిసీమలోని పెదకళ్లేపల్లిలో 1888లో పుట్టిన వేటూరి ప్రభాకరశాస్త్రి వీరందరికీ భిన్నం. మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలోనూ తరువాత తిరుపతిలోనూ ఆయనకు జీతం ఇచ్చిన పనీ, ఆయన చేయాలనుకున్న పనీ ఒకటే: తాళపత్రం చదవడం. కొలువుకూ కలానికీ పేచీ లేని ఈ అదృష్టానికి ఆయన స్వీయకవిత్వం మూల్యం చెల్లించింది. కొద్దిపాటి ఖండకావ్యాలు మినహా ఆయన శక్తి అంతా ఇతరుల పాఠాలను బతికించడానికే వెళ్లింది. శ్రీనాథుడిని, చాటుపద్యాలను, అన్నమయ్యను చదివే నేటి పరిశోధకుడు ఆ మూల్యం నుండే లాభం పొందుతున్నాడు.

విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలలో ‘వేయిపడగలు’పై సిద్ధాంత గ్రంథాలు వెలువడుతూనే ఉన్నాయి. తాత్త్వికత, స్త్రీపాత్రలు, సంస్కృతి వాటికి పరిచితమైన శీర్షికలు. ఆ నవల కాగితంపైకి వచ్చిన తీరును, చెప్పిన గొంతుకూ రాసిన చేతికీ మధ్య జరిగినదానిని ప్రధాన విషయంగా తీసుకునే అధ్యయనానికి వాక్యస్థాయి పరిశీలనే మొదటి మెట్టు. విశ్వనాథ స్వయంగా రాసిన లేఖలు, పీఠికల వచనాన్ని చెప్పి రాయించిన నవలల వచనంతో పక్కపక్కన పెట్టి, వాక్యం పొడవు, పునరుక్తి, సంబోధన చూడాలి. ఆ తేడాలు తేలిన నాడు వెంకటేశ్వర్లు పేరు జీవితచరిత్ర నుండి శైలిచర్చలోకి వస్తుంది.