సంస్కరణ పేరిట నిర్బంధం: 'మాలపల్లి' నవలలో వ్యక్తిస్వేచ్ఛ – రాజ్యనియంత్రణ

వ్యాససంగ్రహం:

ఉన్నవ లక్ష్మీనారాయణ రచించిన 'మాలపల్లి' (1922) నవలను విమర్శకులు ప్రధానంగా దళితజీవన చిత్రణగా, జాతీయోద్యమ నవలగా పరిశీలించారు. అందులోని సెటిల్మెంటు ఘట్టాన్ని కేంద్రంగా తీసుకొని, సంస్కరణ పేరుతో రాజ్యం వ్యక్తిస్వేచ్ఛను హరించే తీరును వివేచించడం ఈ వ్యాసం ఉద్దేశం. నవలపై వచ్చిన నిషేధాన్ని కూడా ఈ వ్యాసం అదే దృష్టితో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: మాలపల్లి, వ్యక్తిస్వేచ్ఛ, సెటిల్మెంటు, నేరస్థ తెగల చట్టం, నిషేధం.

1. ప్రవేశిక:

వ్యక్తిస్వేచ్ఛకూ రాజ్యనియంత్రణకూ మధ్య సంఘర్షణ అనగానే జైలు, లాఠీ, రాజద్రోహ నేరం స్ఫురిస్తాయి. పల్నాటి పుల్లరి ఉద్యమంలో పాల్గొని శిక్షపడిన ఉన్నవ ఈ నవలను రాయవేలూరు జైలులో రచించారు. అందువల్ల కారాగార జీవితానికి ఇందులో విస్తృతమైన చోటు దక్కింది. అయితే స్వేచ్ఛకు సంబంధించి జైలుకన్నా లోతైన ప్రశ్నను లేవనెత్తేది సెటిల్మెంటు. ఒకరిని జైలుకు పంపడానికి ఒక నేరారోపణ, ఒక విచారణ, ఒక గడువు కావాలి. సెటిల్మెంటుకు పంపడానికి అనుమానం చాలు.

2. చట్ట నేపథ్యం:

1871లో వచ్చిన నేరస్థ తెగల చట్టం 1911 నాటి చట్టంతో మద్రాసు రాజధానికి కూడా వర్తించింది. ప్రభుత్వం ఒక సమూహాన్ని నేరస్థ తెగగా ప్రకటిస్తే, ఆ ప్రకటన చెల్లుబాటును న్యాయస్థానంలో ప్రశ్నించే వీలు లేదు. పేర్ల నమోదు, వేలిముద్రలు, నిర్ణీత వేళల్లో హాజరు, కదలికలపై ఆంక్షలు దీని సాధనాలు. 1913లో బాపట్ల సమీపాన సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో వెలసిన స్టూవర్టుపురం ఈ విధానానికి ప్రసిద్ధ నిదర్శనం. అక్కడ ఎరుకల కుటుంబాలకు భూమి, పని, బడి కల్పించారు. అనుమతి లేకుండా ఊరు దాటే స్వేచ్ఛను మాత్రం ఇవ్వలేదు.

3. రామదాసు కుటుంబం – మూడు మార్గాలు:

నవలలో రామదాసు వైష్ణవభక్తుడు, తత్త్వవేత్త. అతని కుమారుడు సంగదాసు చౌదరయ్య చేతిలో మరణిస్తాడు. మరో కుమారుడు వెంకటదాసు తక్కెళ్ల జగ్గడుగా మారి ధనికులను దోచి పేదలకు పంచుతాడు. చివరకు ఈ కుటుంబమే సెటిల్మెంటు పాలవుతుంది. కొడుకును పోగొట్టుకున్నవారే నిఘా కిందికి రావడంలో నవల విమర్శ పదునెక్కుతుంది. రాజ్యం ఇక్కడ చేసిన నేరాన్ని విచారించడం లేదు. ఎవరు నేరం చేయగలరో తానే ముందుగా నిర్ణయిస్తోంది.

అధికారానికి ఈ ముగ్గురూ మూడు విధాలుగా సమాధానమిస్తారు. సంగదాసుది సంఘటిత మార్గం, వెంకటదాసుది ధిక్కారం, రామదాసుది అంతరంగ స్వాతంత్ర్యం. దేహాన్ని బంధించినా ఆత్మను బంధించలేరన్న రామదాసు వేదాంతం అతనికి నిబ్బరాన్నిస్తుంది. కానీ అదే వేదాంతం బంధించినవారిని జవాబుదారీతనం నుంచి తప్పిస్తుంది కూడా. ఈ వైరుధ్యాన్ని నవల పూర్తిగా పరిష్కరించలేదు. 'సంగవిజయం' అన్న ప్రత్యామ్నాయ నామం సంగదాసు మార్గానికే రచయిత మొగ్గు చూపారని సూచిస్తుంది. ఉన్నవ దృష్టిలో స్వేచ్ఛ ఒంటరి వ్యక్తి సొత్తు కాదు. సంఘం అండలేని వ్యక్తిని రాజ్యం సులువుగా లొంగదీసుకోగలదన్నది కథాగమనం చెప్పే సత్యం.

4. గ్రంథానికీ అదే నిర్బంధం:

మద్రాసు ప్రభుత్వం ఈ నవలను నిషేధించింది. శాసనసభలో చర్చ జరిగిన తరువాత కొన్ని మార్పులతో ప్రచురణకు అనుమతించింది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు దీన్ని పాఠ్యగ్రంథంగా ఎంపిక చేసిన తరువాత, 1936లో మళ్లీ నిషేధం వచ్చింది. 1937లో రాజగోపాలాచారి మంత్రివర్గం దాన్ని తొలగించింది. ఈ క్రమం సెటిల్మెంటు తర్కాన్నే పోలి ఉంది. పుస్తకం చేసిన హాని కాదు, చేయగలదనుకున్న హాని ఇక్కడ కారణం. మార్పులతో అనుమతించడం కూడా గ్రంథాన్ని 'సంస్కరించి' విడిచిపెట్టడమే. రామదాసు కుటుంబానికి పట్టిన గతే నవలకూ పట్టింది.

5. ముగింపు:

సెటిల్మెంటులో బడి ఉంది, పని ఉంది కనుక అది మేలే చేసిందనే వాదన ఉంది. ఆ సౌకర్యాల విలువను కాదనలేం. అయితే సమ్మతి లేని మేలు నియంత్రణకు మరో రూపమని 'మాలపల్లి' చూపుతుంది. నేరస్థ తెగల చట్టం 1952లో దేశవ్యాప్తంగా రద్దయినా, అలవాటు నేరస్థుల చట్టాల రూపంలో ఆ అనుమానం కొనసాగింది. విముక్త జాతులను ఆ ముద్ర వెంటాడుతున్న తీరును 2024లో సుప్రీంకోర్టు జైలు నియమావళులపై ఇచ్చిన తీర్పులో ప్రస్తావించింది. కనుక ఈ నవలను కేవలం పరాయిపాలనపై నిరసనగా చదివితే విమర్శ సగంలోనే ఆగిపోతుంది. పాలకులు మారినా మిగిలే ప్రశ్నను ఉన్నవ అడిగారు: ఏ తప్పూ చేయని మనిషిని బాగుచేసే అధికారం రాజ్యానికి ఎవరిచ్చారు? సెటిల్మెంటు ఘట్టాన్ని ఉపకథగా కాక నవలకు కేంద్రంగా చదివినప్పుడే ఆ ప్రశ్న వినిపిస్తుంది.