బోహుస్లాన్ రాయి, దాని సందులు

పది సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, దాదాపు అంతే ఎత్తు. బరువు రెండున్నర కిలోల పైచిలుకు. స్వీడన్ పాత వీధుల్లో పరిచిన గ్రానైట్ రాయి ఇంతే. దాని వెనక ఉన్న పనితనం తెలిస్తే మాత్రం చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

గోథెన్‌బర్గ్‌కు ఉత్తరాన, సముద్రపు ఒడ్డున ఉన్న బోహుస్లాన్ ఈ రాయికి పుట్టిల్లు. అక్కడి గ్రానైట్ వయసు దాదాపు 92 కోట్ల ఏళ్లు. 1842లో కార్ల్ ఆగస్ట్ కుల్‌గ్రెన్ మాల్మోన్ దీవిలో క్వారీ మొదలుపెట్టాక, ఆ తీరంలో రాళ్లు కొట్టే ఊళ్లు వెలిశాయి. రంపం లేకుండా అంత చదరంగా ఎలా కొట్టారంటే, గ్రానైట్ అన్ని వైపులా ఒకేలా పగలదు. ఒక దిశలో సులువుగా చీలుతుంది, మరో దిశలో కాస్త మొండికేస్తుంది, మూడో దిశలో ఓ పట్టాన లొంగదు. పనివాడు ఆ మూడింటినీ పసిగట్టి, బండను సగానికి, ఆ సగాన్ని మళ్లీ సగానికి చీలుస్తూ పోతాడు. అలా చీలిన ముఖం గరుకుగా ఉంటుంది. తడి వీధిలో కాలు జారకుండా పట్టిచ్చేది ఆ గరుకే.

ఇక చలి సంగతి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. నాసిరకం ఇటుక, కాంక్రీటు రంధ్రాల నిండా నీళ్లు పీల్చుకుని చలికాలంలో పెచ్చులూడేది ఇందుకే. మంచు కరగాలని ఉప్పు చల్లితే మరీను. మంచి గ్రానైట్‌లో ఖాళీ ఒక శాతం కూడా ఉండదు. అయినా రాయి ఒక్కటే గట్టిదైతే చాలదు, కింద నేల ఉంది. 1930 ప్రాంతంలో అమెరికా శాస్త్రవేత్త స్టీఫెన్ టేబర్ మట్టిలో నీటికి బదులు బెంజీన్ పోసి గడ్డకట్టించాడు. బెంజీన్ గడ్డకడితే కుంచించుకుపోతుంది. అయినా మట్టి పైకి లేచింది! సన్నటి మట్టి కింది నుంచి ద్రవాన్ని పైకి పీల్చుకుంటూ పోతుంది, అది పొరలు పొరలుగా గడ్డకట్టి నేలను ఎత్తేస్తుంది.

అందుకే అడుగున ముతక కంకర మందంగా పోస్తారు. దాని పెద్ద సందుల్లోంచి నీరు కిందికి దిగుతుంది, పైకి పాకలేదు. ఆపైన ఇసుక. పరిచే మేస్త్రీ పొట్టి పీట మీద కూర్చుని రాళ్లను విల్లులా వంచిన వరసల్లో అమరుస్తాడు. విల్లు నడుమ పెద్దవి, కొసల్లో చిన్నవి. చేత్తో కొట్టిన రాళ్లలో తప్పని హెచ్చుతగ్గులను ఇలా వంపుగా మార్చుకున్న తెలివి చూడండి! ఒక్కో రాయినీ తిప్పి చూసి, మంచి ముఖం పైకి పెట్టి, సుత్తి వెడల్పు కొసతో ఇసుక గీకి గుంట చేసి, అందులో దించి కొడతాడు. మట్టం కన్నా కాస్త ఎత్తుగానే వదులుతాడు. ఆఖర్న దిమ్మిస వేసినప్పుడు అన్నీ కలిసి దిగుతాయి.

నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ సందులు. వాటిలో ఇసుక, సన్న రాతిపొడి నింపుతారు. నేల కాస్త ఉబ్బితే రాళ్లు వెంట్రుకవాసి లేచి, వసంతంలో మళ్లీ కుదురుకుంటాయి. ఏకంగా పోసిన కాంక్రీటుకు ఆ వీలు లేక బీటలిస్తుంది. ఇసుక మీద పరిచిన రాళ్ల సందుల్లో సిమెంటు పూయడం అందుకే నా దృష్టిలో పని తెలియనివాళ్ల పని. పైపు కోసం వీధి తవ్వినా రాళ్లు తీసి పక్కన పేర్చి, కంకర సరిచేసి, అవే రాళ్లు మళ్లీ పరుస్తారు. ముఖం నున్నబడిన రాయిని తిప్పి వేస్తే ఇంకో ముఖం సిద్ధంగా ఉంటుంది.